ఊపిరికేం లోటు లేదు

ఊటపల్లె,
8-6-1986

నా బంగారు కొండ సత్తార్‌కి,

నీ నాయన ఇమాం సాహెబ్ రెండు చేతులూ ఎత్తి దీవిస్తున్నాడు. నీ పార్సిలు గురువారం చేరింది. పోస్టుమాను సైకిలు దిగకముందే గురవయ్య దాన్ని లాక్కున్నాడు. డోలు వాయించే చేతులు కదా, ఖాళీగా ఉండలేవు. దారం పళ్లతో కొరికి విప్పాడు.

ఒరేయ్, ఏం పంపావురా! నీలం డబ్బా ఒకటి, గోధుమ రంగు డబ్బా ఒకటి, ముక్కుకి పెట్టుకునే చిన్నది ఒకటి. అరుగు మీద పెట్టుకుని కూర్చుంటే దారిన పోయే ప్రతివాడూ ఆగాడు. "ఏంది మావా, నల్లుల మందా?" అని ఒకడు. "కాదురా, మా వాడు హైదరాబాదు ఛాతీ ఆసుపత్రిలో పని, వాడు పంపిన ఊపిరి" అన్నాను. నీలం డబ్బా రెండుసార్లు నొక్కుకుని పీల్చాను. గురవయ్య ఒక్క బీడీ కాల్చేలోపల నా గుండెల్లో రెండేళ్లుగా కాపురముంటున్న పిల్లికూతలు సర్దుకుని లేచి వెళ్లిపోయాయి! మీ అమ్మ నా వీపు మీద చెవి పెట్టి విని, లోపలికి వెళ్లి సేమ్యా కాచింది. పండగా కాదు, ఏమీ కాదు.

నువ్వు కాగితం మీద రాసిన పాఠం చదివి నవ్వుకున్నాను. "ఊపిరి మొత్తం వదులు. డబ్బా నోటికి పెట్టు. నెమ్మదిగా పీల్చడం మొదలుపెట్టి అప్పుడు నొక్కు. పది లెక్కపెట్టేదాకా బిగబట్టు." ఒరేయ్, ఇది నీ ఏడో ఏట నేను నీకు సన్నాయి చేతికిచ్చి నేర్పిన పాఠమే కదరా! ఎనిమిది దెబ్బల ఆదితాళం ఒక ఆవర్తం, పైన రెండు దెబ్బలు, అంతసేపు బిగబట్టమనేవాణ్ని. మీ డాక్టర్లు ఇప్పుడు నేర్చుకున్నారన్నమాట.

ముక్కు మందు సంగతి వేరే. నలభై ఏళ్లు ముక్కుపొడి తిన్న ముక్కు ఇది. నీ మందు దానికి గంజినీళ్లలాగా చప్పగా ఉంది. పొడి మానేయమని రాశావు. మానేశాను, దేవుడి మీద ఒట్టు, ఉదయం పూట తప్ప.

ఒక అనుమానం. గోధుమ డబ్బా నాలుగు రోజులుగా పీలుస్తున్నాను. ఉలుకూ పలుకూ లేదు. గురవయ్య కూడా ఒకసారి పీల్చి, "ఇందులో గాలి తప్పితే ఏం లేదు ఇమామన్నా, నిన్నెవరో మోసం చేశారు" అన్నాడు. దీన్ని ఆపి నీలం ఒక్కటే వాడనా? జవాబు రాయి. రెండు ముక్కలైనా సరే. నీ అక్షరాలు చూసి మీ అమ్మ నీ మొహం చూసినట్టు చూస్తుంది.

నీ రాకకు ఎదురుచూసే
నాయన


హైదరాబాదు,
19-6-1986

నాయనకు సలాం.

గోధుమ డబ్బా ఆపవద్దు. అసలు మందు అదే. నీలం డబ్బా బిగుసుకున్న గొట్టాలను వదులు చేస్తుంది, అందుకే వెంటనే తెలుస్తుంది. ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. ఆ వాపు తీసేది గోధుమ డబ్బా. వాపు ఒక్కరోజులో రాలేదు, ఒక్కరోజులో పోదు. రెండు వారాలు, మూడు వారాలు పడుతుంది. పొద్దున రెండు, సాయంత్రం రెండు. బాగున్నా వాడాలి.

నీకు ఊళ్లో ఇచ్చిన తెల్ల గోలీలూ ఈ జాతి మందే. మింగితే ఒళ్లంతా తిరుగుతుంది, అందుకే నీ మొహం ఉబ్బింది, కాళ్లకు నీరు పట్టింది. ఇది పీల్చితే నేరుగా వాపు ఉన్నచోటికే పోతుంది. గోలీలో ఉండేదానిలో చాలా కొద్ది వంతు చాలు. అయితే నువ్వా గోలీలు నెలల తరబడి మింగావు కాబట్టి ఒక్కసారిగా మానకు. నరసరావుపేట పోయి ఛాతీ డాక్టరుకి చూపించుకుని, ఆయన చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించు. ముక్కులో కొట్టుకునేదీ ఇదే మందు, ముక్కు వాపుకి.

పీల్చాక నీళ్లతో నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది. మొదట్లో నాలుక వెనక చల్లగా, కొంచెం చేదుగా ఉంటుంది. నాలుగు రోజులకు అలవాటవుతుంది.

గురవయ్య మామ నోట్లో పెట్టుకున్న డబ్బా కడిగి వాడుకో. ఇంకెవరికీ ఇవ్వకు.

రెండు నెలలు సన్నాయి ముట్టుకోవద్దు. మేనమామ చేత కబురు చేసింది అమ్మ, నువ్వు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంటున్నావని. అందుకని పంపాను.

సత్తార్


ఊటపల్లె,
20-7-1986

నా ప్రాణానికి ప్రాణమైన సత్తార్‌కి,

ముట్టుకోవద్దన్నావు, ముట్టుకున్నాను! తిట్టు, పడతాను. ముందు విను.

డాక్టరు దగ్గరికి పోయాను. గోలీలు సగానికి తెచ్చాడు, ఇప్పుడు పూర్తిగా మాన్పించాడు. ఈ డబ్బాని పంపు అంటారట, అది పట్టుకోవడం చూపించమన్నాడు. చూపించాను. "తాతా, పదిమందికి చెబితే ఒక్కడికి వస్తది ఇది, నీకెవరు నేర్పారు?" అన్నాడు. "సన్నాయి నేర్పింది సార్" అన్నాను. నన్ను అక్కడే నిలబెట్టి బెంచీ మీద ఉన్న ముగ్గురు పేషెంట్ల చేత నన్ను చూసి చేయించాడు! ఈ వయసులో శిష్యులు దొరికారు.

నువ్వు చెప్పినట్టే మూడో వారంలో గోధుమ డబ్బా నోరు విప్పింది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే, నేను పడుకుని ఉన్నాను! కూర్చుని కాదు, వెల్లకిలా, మనిషి పడుకున్నట్టు. బావి నుంచి రెండు బిందెలు తెచ్చాను. మిరప నారు పోసిన చేలగట్టు మీద కారంపూడి రోడ్డుదాకా నడిచాను, ఎక్కడా కూర్చోలేదు. నీలం డబ్బా అవసరమే రావడం లేదు.

ఇక చెయ్యి ఆగుతుందా? పెట్టె తీశాను. సన్నాయి మూతికి పెట్టి ఊదే రెల్లు పీక ఎండి చిట్లిపోయింది, కొత్తది నానబెట్టాను. గురవయ్యని పిలిచి గుడి మండపంలో ఇద్దరమే కూర్చున్నాం. కళ్యాణి ఎత్తుకున్నాను. పక్కన రెండో సన్నాయి లేదు. మన మేళాల్లో సంగతి నీకు తెలుసు కదా, నోట్లో పీక ఉంటే మాట ఉండదు. ఊపిరి చాలనివాడు సన్నాయి కొసతో పక్కవాడి మోకాలు తాకితే, పక్కవాడు రాగం అందుకుంటాడు. నా పక్కన తాకడానికి మోకాలే లేదు. ఆ అవసరమూ రాలేదు! ముప్పావుగంట వాయించాను. గురవయ్య ఏడ్చాడు. ధర్మకర్త గోపాలకృష్ణయ్య గారు చెప్పులు విడిచి వచ్చి స్తంభం దగ్గర నిలబడ్డాడు.

మంచి మాట ఒకటి అడుగుతాను. నాలుక వెనక చల్లగా, చేదుగా ఉంటుందని రాశావు. అచ్చం అట్లాగే ఉంది. అంత సరిగ్గా నీకెట్లా తెలుసురా? పేషెంట్లు చెప్పారా?

ఆనందం పట్టలేని
నాయన

పుక్కిలిస్తున్నాను. మీ అమ్మ చెంబు పట్టుకుని కాపలా ఉంటుంది.


హైదరాబాదు,
2-8-1986

నాయనకు సలాం.

డాక్టరుకి చూపించుకున్నందుకు సంతోషం.

పేషెంట్లు చెప్పలేదు. నేనూ వాడుతున్నాను, అయిదేళ్ల నుంచి. నాకు పదకొండో ఏట మొదలైంది ఉబ్బసం. బావిగట్టు మీద సాధన చేయిస్తూ నువ్వు "శ్వాసదొంగ" అని పేరు పెట్టింది దానికే. ఊపిరి దాచుకుంటున్నాను, ఒళ్లు వంచడం లేదు అనేవాడివి. పేరు ఊళ్లో అందరికీ నచ్చింది. బడిలో కూడా అదే పిలిచేవారు. పదిహేనో ఏట మేనమామతో ఈ ఊరు వచ్చింది చదువు కోసం కాదు.

ఈ సంగతి రాయకూడదనుకున్నాను. అడిగావు కాబట్టి రాశాను. అంతే.

కొత్త డబ్బాలు నెలాఖరుకి పంపుతాను.

సత్తార్


ఊటపల్లె,
12-8-1986

నా తండ్రీ, నా సత్తారూ,

నీ కార్డు వచ్చిన రోజు ఈ ఇంట్లో పండగ! నేను గట్టిగా చదివాను, మీ అమ్మ గడప మీద కూర్చుని వింది. చదవగానే లేచి గురవయ్య ఇంటికి పరిగెత్తాను. అవునురా, పరిగెత్తాను! "ఒరే గురవా, మా వాడు శ్వాసదొంగ కాదురా! వాడికి జబ్బురా!" అని అరిచాను. ఇరవై ఏళ్లుగా నా గుండెలో ఉన్న ముల్లు తీసేశావు. ఇమాం సాహెబ్ వంశంలో ఊపిరికి భయపడే పిల్లాడు ఎట్లా పుట్టాడా అని కుమిలిపోయేవాణ్ని. భయం కాదు, జబ్బు! జబ్బుకి మందు ఉంది! మందు నీ జేబులోనే ఉంది! ఇంకేం కావాలి?

నిన్ను కొట్టానా, కొట్టాను. తండ్రిని, కొట్టనా? అది వదిలేయ్. అసలు మాట విను.

కార్తీక పున్నమికి మన గుడిలో కచేరీ. రెండేళ్లుగా నేను లేక నకరికల్లు మేళాన్ని పిలిపిస్తున్నారు. గోపాలకృష్ణయ్య గారి దగ్గరికి పోయి చెప్పాను. "నేనూ, నా కొడుకూ వాయిస్తాం. వాడు నా కుడివైపు కూర్చుంటాడు." ఆయన మొహం వికసించింది. "మీ వంశానికి వారసుడు లేడనే కదయ్యా గుడిలో వాయించే హక్కు ఆ మేళానికి రాసిద్దామనుకున్నది. సత్తారు వచ్చి కుడివైపు చోటు నిలబెట్టుకుంటే ఇంకెవరికిస్తాం?" అన్నాడు.

ఆ చోటు కథ నీకు తెలిసిందే. పెద్ద సన్నాయి అందుకోకుండా రాగం మొత్తం ఒక్కడే నడిపినవాడికే కుడివైపు చోటు. మీ అన్న ఉస్మాన్ పద్దెనిమిదేళ్లకే గెలుచుకున్నాడు కదా, ఆ కార్తీక పున్నమికే. గోపాలకృష్ణయ్య గారి తండ్రి శాలువా పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. కళ్యాణి ఒక్కడే నడిపాడు నా పులి. ఒక్కసారైనా ఊపిరి చాలదనలేదు, ఒక్కసారైనా నన్ను అడగలేదు. రాగం ముగించి, పెదవి మీద పీక ఉండగానే ఒరిగిపోయాడు. ఎవరి దిష్టి తగిలిందో! ఇరవై ఆరేళ్లయినా ఊరు చెప్పుకుంటుంది. వాడి చోటు వాడి తమ్ముడితోనే నిండాలని దేవుడు రాసి ఉంచాడు. లేకపోతే ఈ మందు మన ఇంటికే ఎందుకు వస్తుంది?

మూడు నెలలు సాధన చాలు. చిన్నప్పటి వేళ్లు మరిచిపోవు. రోజూ ఎంతసేపు చేస్తున్నావో రాయి.

నీ నాయన, వాయిద్యగాడు
ఇమాం సాహెబ్


హైదరాబాదు,
30-8-1986

నాయనకు సలాం.

నేను రావడం లేదు. నన్నడగకుండా మాట ఇచ్చావు. వెనక్కి తీసుకో.

నా దగ్గర సన్నాయి లేదు. ఇరవై ఏళ్లుగా ముట్టుకోలేదు. ముట్టుకోను. ఈ మందు జబ్బుని అదుపులో ఉంచుతుందే కానీ లేకుండా చేయదు. వార్డులో పని వదిలి రావడానికి కూడా కుదరదు.

మందు పార్సిలు విడిగా వస్తుంది.

సత్తార్


ఊటపల్లె,
25-9-1986

చిరంజీవి సత్తార్‌కి అనేక దీవెనలు.

సెలవు దొరకడం లేదని చిన్నబుచ్చుకుని రాసిన నీ ఉత్తరం చూశాం. పిచ్చివాడా, అంత మాత్రానికే నిరాశ పడతారా? నీకు నాయన లేడా? గోపాలకృష్ణయ్య గారి చేత మీ సూపరింటెండెంటు దొరగారికి అర్జీ రాయించాను. ధర్మకర్త ముద్ర వేసి రిజిస్టరు పోస్టులో పంపాం. "దైవకార్యార్థం సత్తార్‌ని పది రోజులు పంపవలెను" అని. ఇక నీకు అడ్డేముంది?

సన్నాయి లేదన్నావు. ఉస్మాన్ సన్నాయి ఉంది కదరా! ఇన్నేళ్లూ పెట్టెలో గుడ్డ చుట్టి ఉంచాను. తీసి నూనె పట్టించాను. చెక్క చెక్కు చెదరలేదు. ఏడు కన్నాల్లో ఏడు వేళ్లు పెడితే ఇంకా వాడి చెయ్యి తగిలినట్టు ఉంటుంది. అది పట్టుకుని కూర్చుంటావు నువ్వు.

కరపత్రం అచ్చయింది! పిడుగురాళ్ల ప్రెస్సులో వేయించారు, ఎర్ర సిరాతో. ఒకటి ఇందులో పెట్టాను. "ఇమాం సాహెబ్, సత్తార్ సాహెబ్ గార్ల సన్నాయి మేళం, డోలు గురవయ్య." కింద నేనే చెప్పి రాయించిన మాట చూడు. "ఇదే సన్నిధిలో కళ్యాణి రాగం సంపూర్ణంగా ఆలపించి, ఒక్కమారైనా అలుపు తెలుపక అమరుడైన ఉస్మాన్ సాహెబ్ స్మృతికి." కారంపూడి బస్టాండులో అంటించారట. రాజుపాలెం నుంచి కూడా జనం వస్తామంటున్నారు.

నా ఊపిరి ఎట్లా ఉందని అడగలేదు నువ్వు. అయినా చెబుతాను. బ్రహ్మాండం! మొన్న గురవయ్య మనవడి బారసాలలో గంటన్నర ఆపకుండా వాయించాను. నీ మందు చలవ. మందు వాడేటప్పుడల్లా నువ్వు నా నోట్లో ఊదుతున్నట్టే ఉంటుంది.

మీ అమ్మ నీ కోసం కొత్త పరుపు కుట్టిస్తోంది.

నాయన


హైదరాబాదు,
10-10-1986

నాయనకు.

అర్జీ వచ్చింది. సూపరింటెండెంటు నన్ను పిలిచి నవ్వాడు. కరపత్రం కూడా వచ్చింది. మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగి ఇప్పుడు రాస్తున్నాను. సెలవు సంగతి కాదిది. సెలవు అడిగితే ఇస్తారు.

ఒక్కమారైనా అలుపు తెలుపక అని రాయించావు.

ఆ రోజు నాకు తొమ్మిదేళ్లు. మీ ఇద్దరి వెనక కూర్చుని శ్రుతిపెట్టె తిత్తి ఆడిస్తున్నది నేనే. అన్న వీపు నా మొహానికి జానెడు దూరం. పొద్దున్నించే వాడికి పిల్లికూతలు. అమ్మ తులసి రసం ఇచ్చింది. "కళ్యాణి ఎత్తుకుంటే గొంతు అదే తెరుచుకుంటది" అన్నావు నువ్వు. రాగం సగంలో వాడి మెడ పక్కన, భుజం ఎముక పైన గుంట పడటం చూశాను, ఊపిరి లాగినప్పుడల్లా చర్మం లోపలికి పోతోంది. మా వార్డులో అది కనిపిస్తే నేను పరిగెత్తుకుంటూ పోయి డాక్టర్ని తీసుకొస్తాను. రోజూ చూస్తాను నాయనా. రోజూ అది అన్న మెడే.

వాడి సన్నాయి కొస నీ మోకాలికి మూడుసార్లు తగిలింది. నేను లెక్కపెట్టాను. మూడోసారికి నువ్వు మోకాలు పక్కకి జరిపావు.

దిష్టి కాదు. దేవుడు పిలవలేదు. ఇప్పుడు నీకున్నదే, నాకున్నదే. ఆ రోజుల్లో ఈ మందు లేదు, ఒప్పుకుంటాను. కానీ నువ్వు రాగం అందుకోవడానికి ఏ మందూ అక్కర్లేదు.

తర్వాత రెండేళ్లకు నాకు పిల్లికూతలు మొదలైనప్పుడు, నన్ను అదే బావిగట్టు మీద కూర్చోబెట్టి, ఉస్మాన్ ఒక్కసారైనా ఆపమన్నాడా అని అడిగి కొట్టావు. నేను సమాధానం చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఆ చోట నేను కూర్చోను.

సత్తార్


ఊటపల్లె,
30-10-1986

సత్తార్‌కి,

నీ ఉత్తరం దసరా వెళ్లిన తర్వాత వచ్చింది. లావుగా ఉంది. ఇంత పెద్ద ఉత్తరం నువ్వు ఎప్పుడూ రాయలేదు. వస్తున్నాననే రాశాడు, ఏ బస్సుకో కూడా రాసి ఉంటాడు అని సంబరపడి, మీ అమ్మని పిలిచి కూర్చోబెట్టి, చింపుతూనే గట్టిగా చదవడం మొదలుపెట్టాను. గురవయ్య కూడా ఉన్నాడు. అరుగు మీద ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు.

"శ్రుతిపెట్టె" దాకా వచ్చాక నాకు నోరు ఆగింది. మీ అమ్మ నా మొహం చూసింది. దానికి చదువు రాదు కదా, నేను కాగితం మడిచి, పిల్లాడికి సెలవు దొరకలేదట అంటే సరిపోయేది. అదే అనబోయాను.

"ఆపమాక. చదువు" అంది.

చదివాను. ఒక్కమాట వదలకుండా చదివాను. మోకాలి మాట దగ్గర గురవయ్య లేచి చెప్పులు వేసుకోకుండానే వెళ్లిపోయాడు. ఆ రోజు డోలు వాడిదే. వాడు కూడా ఎదురుగానే ఉన్నాడు కదా.

మీ అమ్మ ఏడవలేదు. మొత్తం విన్నాక, "తులసి రసం ఇచ్చినప్పుడు గోరువెచ్చగా లేదన్నాడు వాడు, మళ్లీ కాచిస్తానంటే నువ్వు టైమైందన్నావు" అంది. అప్పట్నించి నాతో మాట్లాడటం లేదు. చెంబుతో నీళ్లు మాత్రం పెడుతోంది, పుక్కిలించడానికి.

నీ లెక్క తప్పు. మూడు కాదు, నాలుగు. మొదటిసారి నువ్వు తిత్తి సర్దుకుంటూ తల వంచి ఉంటావు. నాలుగోసారికి నేను మోకాలు జరిపాను.

అందుకుంటే వాడికి చోటు రాదు. శాలువా ఎదురుగా ఉంది. ఇంకొక్క సంచారం, తర్వాత ముక్తాయింపు, అంతే కదా, ఈ కాస్త ఓర్చుకోలేడా అనుకున్నాను. నిజం అది. రాగం వాడు ముగించలేదు. పై షడ్జం మీద ఆగిపోయింది. వాడు ఒరిగాక మిగతాది నేను ముగించాను, వాడు సొమ్మసిల్లాడనుకున్నారు జనం. శాలువా వాడి మీద కప్పారు.

ఊరు అడిగితే ముగించాడని చెప్పాను. చెప్పి చెప్పి నాకే అట్లా జరిగినట్టు అయింది. నిన్ను కొట్టినప్పుడు కూడా అదే నిజమనుకునే కొట్టాను.

ఇంకేం రాయాలో తెలియడం లేదు.

ఇమాం సాహెబ్


హైదరాబాదు,
8-11-1986

నాయనకు.

గురవయ్య మామ కారంపూడి నుంచి ఆసుపత్రికి ట్రంకాల్ చేశాడు. నువ్వు గోధుమ డబ్బా గూట్లో పెట్టేసి నాలుగు రోజులుగా తీయడం లేదని, మళ్లీ గోడకు ఆనుకుని కూర్చుంటున్నావని చెప్పాడు.

నా మీద కోపం ఉంటే ఉండనీ. మందు మాత్రం ఆపకు. నీ మీద నాకున్నదానికి, దీనికి సంబంధం లేదు. వార్డులో ఎవరికైనా ఇదే చెబుతాను.

సత్తార్


ఊటపల్లె,
20-11-1986

సత్తార్‌కి నాయన రాయునది.

మందు ఆపకు అన్నావు. కార్డు అందిన పూటే గూట్లోంచి తీశాను. పొద్దున రెండు, సాయంత్రం రెండు. పది లెక్కపెడుతున్నాను. కోపం నీ మీద కాదు. అది నోట్లో పెట్టుకున్నప్పుడల్లా, ఇది ఉస్మాన్ వంతు కదా అనిపించి చెయ్యి వెనక్కి పోయేది. వాడికి ఇవ్వలేకపోయింది నేను తీసుకుంటున్నానని. ఇప్పుడు అనిపించినా తీసుకుంటున్నాను.

పున్నమి కచేరీ అయింది. నీకు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

కరపత్రంలో నీ పేరు చూసి చానామంది వచ్చారు. నువ్వు రావని గోపాలకృష్ణయ్య గారికి ముందే చెప్పాను. "పున్నమిదాకా చూద్దాం, వస్తాడులే" అన్నాడు. నా కుడివైపు చాప పరిచే ఉంచారు. ఉస్మాన్ సన్నాయి దాని మీద పెట్టాను. మీ అమ్మ వచ్చింది. ఉస్మాన్ పోయిన తర్వాత అది ఆ మండపం మెట్టు ఎక్కింది ఇప్పుడే. ఆడవాళ్లలో కూర్చోకుండా నాకు ఎదురుగా, ఆ రోజు పెద్దాయన శాలువా పట్టుకుని నిలబడ్డ స్తంభం దగ్గర కూర్చుంది.

కళ్యాణి ఎత్తుకున్నాను. నా సన్నాయి జీవితంలో అట్లా పలకలేదు. అబద్ధం చెప్పను, సంతోషం వేసింది. ఊపిరి ఎంత తీసుకుంటే అంత వస్తోంది, బావిలో నీళ్లలాగా. జనం కదలడం లేదు. నేనెవర్నో, ఎక్కడ కూర్చున్నానో కాసేపు మరిచిపోయాను. పై షడ్జం మొదటిసారి వచ్చింది. అది పట్టుకుని నిలబెట్టాను. ఆ నిలబెట్టినచోటే ఆ రోజు ఉస్మాన్ మొదటిసారి నా మోకాలు తాకాడు.

ఆపేశాను.

పీక నోట్లోంచి తీసి, సన్నాయి చాప మీద పెట్టాను. గురవయ్య చెయ్యి రెండు దెబ్బలు వేసి ఆగింది. అంతమంది ఉన్న మండపంలో దీపాల చిటపట వినపడింది.

"ఏంది ఇమామూ, ఊపిరి ఆడటల్లేదా?" అన్నాడు గోపాలకృష్ణయ్య గారు. వెనకనించి ఎవడో, "పంపు, పంపు తియ్యండి ముసలాయనకి" అని అరిచాడు. గురవయ్య నా బొడ్లోంచి నీలం డబ్బా లాగి నా నోటి దగ్గర పెట్టాడు. వాడికి తెలుసు. తెలిసి కూడా, ఊరు చూస్తోందని పెట్టాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఎవరూ రాగం అందుకోలేదు. అందుకోవడానికి కుడివైపు ఎవరూ లేరు. జనం కాసేపు చూసి లేచి ఇళ్లకు పోయారు. పోతూ, "పాపం, అయిపోయింది ఆయన పని" అనుకోవడం విన్నాను. మీ అమ్మ స్తంభం దగ్గర నుంచి అందరికంటే చివర లేచింది. నా సన్నాయి నేను తీసుకున్నాను. ఉస్మాన్ సన్నాయి అది తీసుకుంది. ఇంటిదాకా నా వెనక నడిచింది. మాట్లాడలేదు. ఇప్పటికీ లేదు.

మరునాడు గోపాలకృష్ణయ్య గారు కబురు చేశాడు. వచ్చే ఏటి నుంచి నకరికల్లు మేళమే. కాగితం రాసి ఇచ్చేశారట. "పెద్దవాడివి, విశ్రాంతి తీసుకో" అన్నాడు. సరేనన్నాను. కరపత్రంలో రాయించింది అబద్ధమని కూడా ఆయన ముందు చెప్పాను. "ఇప్పుడెందుకయ్యా ఆ సంగతి, ఊపిరాడక మతి చలించింది నీకు" అని నవ్వాడు. ఇంకో ఇద్దరికి చెప్పాను. వాళ్లూ అదే అన్నారు. మొదటి మాటే బాగుందట ఊరికి.

నువ్వు ఒక్కడివి నమ్ముతావని నీకు రాస్తున్నాను. నేను ఆపినప్పుడు నా గుండెల్లో ఇంకా సగం ఊపిరి ఉంది. అదే రాగం ఇంకోసారి మొదటినించి వాయించగలిగి ఉండేవాణ్ని. డాక్టరు నిన్న చెవిగొట్టం పెట్టి చూసి, "తాతా, కుర్రవాడి ఊపిరి నీది" అన్నాడు.

మందు బాగా పనిచేస్తోంది. ఊపిరికేం లోటు లేదు.

గోధుమ డబ్బా అడుక్కి వచ్చింది. పంపు. నువ్వు నీది వేసుకోవడం మరవకు.

నాయన